విశాఖలో ముంపు ప్రాంతాల్లో ఇల్లు కట్టుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ నగరంలోనూ చుట్టుపక్కల కాలనీల్లోనూ స్థలం కొనేవారు, ఇల్లు కట్టేవారు, ఏటా వానాకాలంలో ఇంట్లోకి నీరు వచ్చి విసిగిపోయినవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. సమాధానాల్లో ప్రమాణాలు ఉన్నాయి, అభిప్రాయాలు కూడా ఉన్నాయి. మీ ఇంటి డిజైనును మాత్రం మీ స్థలం చూసిన స్ట్రక్చరల్ ఇంజినీరే చేయాలి.

మా స్థలం సముద్రానికి చాలా దూరం. ముంపు గురించి మేమెందుకు ఆలోచించాలి?

విశాఖలో ఇళ్లలోకి వచ్చే నీరు చాలావరకు కొండల మీది నుంచి దిగి వస్తుంది. సముద్రం చేసేదల్లా ఆ నీటిని ఒక్కోసారి తీసుకోకపోవడమే. ఒక పక్క కైలాసగిరి, సింహాచలం కొండలు, మరో పక్క యారాడ కొండ, మధ్యలో పల్లం. ఆ పల్లంలోంచే మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ అనే వాగులు పారి హార్బరు వైపు ఉప్పుటేరులో కలుస్తాయి. 1933లో ప్రారంభమైన లోపలి హార్బరు ఆ ఉప్పు చిత్తడి నేలను తవ్వి కట్టిందే. విమానాశ్రయం ఉన్నదీ ఆ పల్లంలోనే. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను వానకు విమానాశ్రయం దారి నీట మునగడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తుఫాను తీరం దాటింది ఇక్కడ కాదు, ఎక్కడో కళింగపట్నం దగ్గర.

కొండ మీద పడిన వాన నేలలోకి ఇంకేలోగానే కిందికి వచ్చేస్తుంది. వాలు ఎక్కువ, పైన సిమెంటు రోడ్లు, స్లాబులు ఎక్కువ. ఆ సమయానికి సముద్రం పోటు మీద ఉంటే గెడ్డల్లో నీరు కిందికి దిగదు, వెనక్కి తన్ని పక్క కాలనీల్లోకి ఎక్కుతుంది. తూర్పు వాలులోని గెడ్డలు ఆర్కే బీచి, లాసన్స్ బే వైపు నేరుగా సముద్రంలో పడతాయి కాబట్టి అక్కడ నీరు త్వరగా వచ్చి త్వరగా పోతుంది. పడమటి పల్లంలో ఆలస్యంగా వస్తుంది, తొందరగా పోదు. మీ స్థలం ఈ రెండింటిలో ఏ వాలులో ఉందో తెలుసుకుంటే సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. గంటలో దిగిపోయే నీటికి చేసే ఏర్పాటు వేరు, రెండు రోజులు నిలిచే నీటికి చేసే ఏర్పాటు వేరు.

కొనే ముందే ఆ స్థలం మునుగుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

అమ్మేవారిని అడగకండి. పక్క వీధిలో పాతికేళ్లుగా ఉంటున్న కిరాణా కొట్టు యజమానిని అడగండి. పాత ప్రహరీ గోడల మీద, విద్యుత్తు స్తంభాల మీద నీటి చారలు ఉంటాయి. ఇళ్ల గడప ముందు ఇటుకలు పేర్చి సిమెంటుతో కట్టిన అడ్డుకట్టలు కనిపిస్తే అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. వీలైతే అక్టోబరు, నవంబరు నెలల్లో గట్టి వాన పడుతుండగానే వెళ్లి చూడండి. ఎండాకాలంలో ప్రతి స్థలమూ మెరకగానే కనిపిస్తుంది.

కాగితాల వైపు వస్తే, గ్రామ పటంలోనూ, సర్వే నంబరు కొలతల పటమైన ఎఫ్‌ఎంబీలోనూ గెడ్డ, వాగు, చెరువు గుర్తులు ఉన్నాయేమో చూడాలి. ఇప్పుడు అక్కడ సిమెంటు రోడ్డు ఉన్నా, పటంలో గెడ్డ ఉంటే వాన నీటికి తెలిసిన దారి పటంలో ఉన్నదే. నిషేధిత భూముల 22-ఎ జాబితాలో సర్వే నంబరు ఉందేమో సరిచూడండి. పాత ఉపగ్రహ చిత్రాలు ఇప్పుడు ఉచితంగా చూడవచ్చు. పదిహేను, ఇరవై ఏళ్ల కిందటి చిత్రంలో మీ స్థలం పచ్చగానో, నీళ్లతోనో ఉంటే లేఅవుటు బ్రోచరు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

గెడ్డకు, చెరువుకు ఎంత దూరం వదలాలి?

2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు, అంటే జీవో 119 ప్రకారం నది హద్దు నుంచి నగర, పురపాలక పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు. పది హెక్టార్లు, అంటే దాదాపు పాతిక ఎకరాలు, ఆపైన విస్తీర్ణం ఉన్న చెరువుకు పూర్తి నిల్వ నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు. కాలువ, వాగు అయితే 9 మీటర్లు. నాలా, అంటే వాన నీటి డ్రైను, అయితే 2 మీటర్లు. ఈ నిబంధనలకు సవరణలు వస్తుంటాయి కాబట్టి ప్లాను వేయించే రోజున పట్టణ ప్రణాళిక విభాగంలో తాజా పాఠం చూసుకోండి.

పేచీ అంతా చివరి రెంటి మధ్యే. ఇంటి వెనక పారేది వాగా, నాలావా అన్న వాదనలో రెండు మీటర్ల వైపే అందరూ మొగ్గుతారు. కొండ నుంచి దిగే గెడ్డ ఏదైనా సరే, తొమ్మిది మీటర్లు వదలడమే మంచిదని మా అభిప్రాయం. గెడ్డ ఒడ్డును నీరు కోసుకుంటూ పోతుంది. రెండు మీటర్లు ఒక్క వానకు చాలవు.

సముద్రపు పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపు ఉన్నా, పోటు నీరు ఎక్కే ఉప్పుటేరు ఒడ్డున ఉన్నా తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు అదనంగా వర్తిస్తాయి.

బేస్‌మెంటు ఎత్తు ఎంత పెట్టాలి?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఎంత ఎత్తు అన్నదానికన్నా ముందు, ఎక్కడి నుంచి కొలుస్తున్నారన్నది తేల్చుకోవాలి.

మేస్త్రి నేల మీది నుంచి కొలుస్తాడు. స్థలం రోడ్డుకన్నా రెండడుగులు పల్లంగా ఉంటే, మూడడుగుల బేస్‌మెంటు కట్టినా రోడ్డుకు అడుగు ఎత్తులోనే ఉంటారు. జాతీయ భవన నిర్మాణ స్మృతి చుట్టూ ఉన్న నేలకన్నా కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతుంది. అది మామూలు స్థలాలకు చెప్పిన కొలత. ముంపు ప్రాంతాలకు జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాలు వేరే మాట చెబుతాయి: ముంపు నీటి గీతకన్నా 0.6 మీటర్ల ఎత్తున బేస్‌మెంటు ఉండాలి. ఒకే అంతస్తు ఇల్లయితే డాబా మీదికి మెట్లు తప్పనిసరి. ఒంటి అంతస్తు ఇంటి డాబా, మేడ ఇంటి మొదటి అంతస్తు వందేళ్లకొకసారి వచ్చే వరద మట్టం కన్నా పైన ఉండాలి.

లెక్క ఇలా వేయండి. మీ వీధిలో గుర్తున్న అతి పెద్ద ముంపుకు నీరు రోడ్డు మధ్య నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తు వచ్చిందనుకుందాం. దానికి 60 కలిపితే మీ ఇంటి నేల రోడ్డు మధ్య నుంచి మీటరు ఎత్తున ఉండాలి. ఒక్కోటి 15 సెంటీమీటర్ల చొప్పున ఏడు మెట్లు. ‘ఏడు మెట్లా, పెద్దవాళ్లు ఎక్కలేరు’ అనే మాట ప్రతి ఇంట్లోనూ వస్తుంది. న్యాయమైన మాటే. కాని మెట్ల పక్కన రెయిలింగు పెట్టించవచ్చు, వాలు దారి కట్టించవచ్చు. మోకాలి లోతు మురుగులో మంచం మీద కూర్చున్న పెద్దవారికి చేయగలిగింది ఏమీ ఉండదు.

ఈ ఎత్తును వాటర్ ట్యూబుతో గాని లెవెల్ యంత్రంతో గాని కొలిపించి, చెరిగిపోని చోట, అంటే ఎదురింటి ప్రహరీ మీదో, విద్యుత్తు స్తంభం మీదో రంగుతో గుర్తు పెట్టించండి. పునాది నుంచి స్లాబు దాకా అన్ని కొలతలూ ఆ గుర్తు నుంచే తీయాలి.

ఖర్చు ఎంత పెరుగుతుంది?

రేట్లు నెలనెలా మారతాయి, పరిమాణాలు మారవు. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి రెండడుగుల ఎత్తు అదనంగా పెడితే లోపల నింపడానికి పట్టేది దాదాపు రెండు వేల ఘనపుటడుగుల గ్రావెల్, అంటే ఇరవై యూనిట్లు. దానికి బేస్‌మెంటు చుట్టుగోడ, పిల్లర్ల అదనపు పొడవు, నాలుగు మెట్లు కలపండి. మీ ఊరి రేటుతో హెచ్చవేసి, మాడ్యులర్ వంటగదికి ఇచ్చిన కొటేషను పక్కన పెట్టి చూసుకోండి.

మట్టి పోసి స్థలం మొత్తం మెరక చేసేస్తే సరిపోదా?

మీకు సరిపోతుంది, పక్కింటికి ముంపు వస్తుంది. అప్పుడు వారూ మట్టి పోస్తారు, ఆ తరువాత ఎదురింటివారు. పదేళ్లలో వీధి అంతా మెరకై నీరు నిలిచే చోటు రోడ్డు అవుతుంది. ఇల్లు ఉన్నంత మేర మాత్రం ఎత్తు పెంచి, చుట్టూ వదిలిన ఖాళీ జాగాను పాత మట్టంలోనే ఉంచడం ఇరుగుపొరుగులకు మేలు. ప్రహరీ గోడకు అడుగున నీరు పారే కంతలు వదలండి. వర్షపు నీటి ఇంకుడు గుంత నిబంధనల ప్రకారం ఎలాగూ తవ్వాలి. కాని పోటు నీరు ఊరే పల్లంలో అది వానాకాలమంతా నిండే ఉంటుంది. అక్కడ దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

పోసిన మట్టి మీద నేరుగా పునాది వేయకూడదు. పునాది అడుగు దిమ్మె, అంటే ఫూటింగు, అసలు నేలలోకి దిగాలి. నింపిన గ్రావెల్‌ను అరడుగు మందం పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస చేయాలి. నీళ్లు పెట్టి వదిలేస్తే అదే దిగుతుందనుకునే అలవాటు వల్లే రెండో ఏడు టైల్సు కుంగుతాయి.

రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతోంది. మా ఇల్లు పల్లమైపోయింది. ఏమి చేయాలి?

పాత పొరను గీకి తీసేసి కొత్తది వేయించమని రోడ్డు వేయక ముందే కాలనీ సంఘం తరఫున రాతపూర్వకంగా అడగాలి. వేశాక అడిగితే ప్రయోజనం లేదు. కొత్తగా కట్టేవారు రోడ్డు ఇంకో అర అడుగైనా పెరుగుతుందనే లెక్కతో బేస్‌మెంటు పెట్టుకోవాలి.

కట్టేసిన ఇంటికి మిగిలిన దారులు మూడు. లోపల నేలను ఎత్తు చేయడం మొదటిది. తలుపులు, కిటికీలు, స్విచ్చులు అన్నీ మార్చుకోవాలి, పైకప్పు అందేంత దగ్గరగా వస్తుంది. రెండోది ప్రహరీ లోపల చుట్టూ కాలువ తీసి, ఒక మూల గుంతలో పంపు పెట్టడం. ఇది తక్కువ ముంపుకు బాగా పనిచేస్తుంది గాని, కరెంటు పోయిన రాత్రి పంపు ఆగిపోతుందని గుర్తుంచుకోవాలి. మూడోది ఇటీవల అందరూ అడుగుతున్నది, జాకీలతో ఇంటిని పైకి లేపడం. గోడల మీద నిలబడిన ఒంటి అంతస్తు ఇంటికి, కింద చుట్టూ బీము ఉంటే, అనుభవం ఉన్నవారి చేత చేయించవచ్చు. పిల్లర్ల మీద కట్టిన రెండు మూడంతస్తుల ఇంటి సంగతి వేరు. అక్కడ పిల్లర్లను కోసి, లేపి, మళ్లీ అతకాలి. ఆ అతుకులో ఇనుము ఎలా కలుపుతారో డ్రాయింగు గీసి చూపించని వారికి ఆ పని ఇవ్వవద్దు.

స్టిల్టు మీద కడితే ముంపు బాధ ఉండదు కదా? సెల్లారు మాటేమిటి?

స్టిల్టు మంచి ఉపాయమే. నీరు కింద నుంచి పోతుంది, మనుషులు పైన ఉంటారు. రెండు షరతులు ఉన్నాయి. గోడలు లేని అంతస్తు పక్కలకు ఊగే బలానికి మెత్తగా లొంగుతుంది. 2016 నాటి భారతీయ భూకంప ప్రమాణం ఐఎస్ 1893 ప్రకారం విశాఖ భూకంప తీవ్రత తక్కువగా ఉండే రెండో మండలంలో ఉన్నా, స్టిల్టు అంతస్తుకు పక్కల ఊపును ఆపే కాంక్రీటు షియర్ గోడలో, ఏటవాలు బ్రేసింగో కావాలని అదే అంటుంది. ఇక రెండోది, స్టిల్టును స్టిల్టుగానే ఉంచాలి. ఏడాది తిరిగేసరికి అక్కడ వాచ్‌మన్ గది, ఆ తరువాత ఒక దుకాణం, చివరికి చుట్టూ గోడ వస్తాయి. ముంపులో ముందు ప్రాణాపాయం వచ్చేది ఆ వాచ్‌మన్ కుటుంబానికి.

పల్లపు ప్రాంతంలో సెల్లారు వద్దు. ర్యాంపు మొదలయ్యే చోట రోడ్డుకన్నా ఎత్తైన గట్టు ఉన్నా వద్దు.

పునాది ఎంత లోతు తీయాలి?

లోతును నేల చెబుతుంది. నగరంలో అరకిలోమీటరు తేడాతో నేల మారిపోతుంది. కొండల అంచున శిథిల శిల, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల వైపు నీటికి సులువుగా కోసుకుపోయే ఎర్ర ఇసుక నేల, హార్బరు, పారిశ్రామిక వాడల వైపు మెత్తటి సముద్రపు బంక. పక్కింటికి ఐదడుగులు సరిపోయింది కాబట్టి మనకూ సరిపోతుందనడం వీటిలో ఏ నేలకూ నప్పదు. నేల పరీక్ష చేయించండి. ఇల్లు చిన్నదైనా సరే రెండు బోర్లు వేయించి, నీటి మట్టం వానాకాలంలో ఎంత పైకి వస్తుందో నివేదికలో రాయించుకోండి. బంక నేలలో రాఫ్టు (ఇంటి కింద అంతటా పరిచే కాంక్రీటు పలక) గాని, పైల్స్ (లోతుకు దింపే కాంక్రీటు స్తంభాలు) గాని అవసరమవుతాయి. గెడ్డ ఒడ్డున కడుతుంటే నీరు కోసే లోతుకన్నా కిందికి పునాది దిగాలి. అన్ని ఫూటింగులనూ ప్లింత్ బీముతో కట్టిపడేయాలి. ఒకచోట నేల కదిలినా ఇల్లు ముక్కలుగా కుంగదు.

కాంక్రీటు ఏ గ్రేడు వాడాలి? మేస్త్రి ఎం20 చాలంటున్నాడు.

విశాఖలో చాలదు. ‘ఎం’ పక్కన అంకె ఎంత పెద్దదైతే కాంక్రీటు అంత గట్టిది. కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 కాంక్రీటు ఉండే వాతావరణాన్ని ఐదు తరగతులుగా విడదీస్తుంది. తీర వాతావరణానికి తెరిచి ఉన్న కాంక్రీటు, తడిసి ఆరుతూ ఉండే కాంక్రీటు మూడోదైన ‘తీవ్ర’ తరగతిలోకి వస్తాయి. దానికి కనీసం ఎం30, ఘనపు మీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు, నీరు సిమెంటు నిష్పత్తి 0.45కు మించకూడదు, ఇనుమును కప్పే కాంక్రీటు మందం, అంటే కవరు, 45 మిల్లీమీటర్లు. సముద్రపు తుంపర నేరుగా తగిలే బీచి రోడ్డు ఇళ్లు నాలుగో తరగతి. అక్కడ ఎం35, కవరు 50. ఉప్పు గాలి నుంచి కాపు ఉన్న లోపలి భాగాలకు ఎం25, 30 మిల్లీమీటర్ల కవరు సరిపోతాయి. ఫూటింగులకు ఎక్కడైనా 50కి తగ్గకూడదు.

ఈ అంకెల్లో రెండింటి మీద పట్టు పట్టండి. మొదటిది నీరు. 0.45 అంటే 50 కిలోల బస్తాకు ఇరవై రెండున్నర లీటర్లు, అదీ ఇసుకలోని తడితో కలిపి. మాల్ జారుగా ఉంటే పోయడం సులువని ఇంకో బకెట్టు గుమ్మరిస్తారు. ఆ బకెట్టు ఆవిరైపోయి వదిలిన సందుల్లోంచే తరువాత ఉప్పు నీరు ఇనుమును చేరుతుంది. జారుదనం కావాలంటే ప్లాస్టిసైజరు కలపాలి. రెండోది కవరు. ఊచల కింద కంకర ముక్క పెట్టి పని కానిస్తారు. సెంట్రింగు మీద మనుషులు నడవగానే ఆ ముక్క జారిపోయి ఊచ రేకుకు ఆనుకుంటుంది. కొలత ప్రకారం పోసిన కవరు బ్లాకులు తెప్పించి, స్లాబు వేసే ముందు రోజు మీరే లెక్కపెట్టుకోండి. బాల్కనీల అడుగున పెచ్చులూడి, తుప్పు పట్టిన ఊచలు బయటపడిన అపార్టుమెంట్లు బీచి వైపు వెళితే ఎన్నో కనిపిస్తాయి. వాటిలో చాలావాటి జబ్బు ఈ కవరు దగ్గరే మొదలైంది.

తట్టలతో కొలిచి కలిపే నామినల్ మిక్సును ఐఎస్ 456 ఎం20 వరకే ఒప్పుకుంటుంది. ఎం25, ఎం30కి పాళ్లను లెక్కకట్టి, పరీక్షించి తేల్చిన డిజైను మిక్సు కావాలి. చిన్న ఇంటికైనా ఫూటింగులు, పిల్లర్లు, స్లాబులకు రెడీమిక్సు తెప్పించడం ఇక్కడ సులభమైన దారి.

సిమెంటు ఏది? నీళ్లు, ఇసుక సంగతి ఏమిటి?

ఉప్పు నేలకు, ఉప్పు గాలికి స్లాగు సిమెంటు, అంటే ఇనుము తయారీలో మిగిలే చిట్టం కలిపి చేసేది, బాగా తట్టుకుంటుంది. మన ఉక్కు కర్మాగారం పుణ్యమా అని విశాఖలో అది సులువుగా దొరుకుతుంది. ఐఎస్ 455 గుర్తు చూసి తీసుకోండి. పోజొలానా సిమెంటూ మంచిదే. ఈ రెండూ మొదట్లో కాస్త నెమ్మదిగా గట్టిపడతాయి కాబట్టి కనీసం పది రోజులు, వీలైతే పద్నాలుగు రోజులు నీళ్లు కట్టాలి. సెంట్రింగు విప్పడానికి తొందరపడితే ఆ లాభం పోతుంది.

కాంక్రీటులో ఇనుము ఉంటే కలిపే నీటిలో క్లోరైడులు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. పాత నగరంలోనూ తీరం వెంబడీ చాలా బోర్ల నీరు ఉప్పగా ఉంటుంది. నోటికి ఉప్పగా తగిలిన నీటిని పరీక్ష చేయించకుండా వాడవద్దు. ట్యాంకరు నీరు తెప్పించినా ఎక్కడ నింపారో అడగండి. సముద్రపు ఇసుక కడిగినా వద్దు. నది ఇసుక దొరకకపోతే ఐఎస్ 383కు సరిపడే రోబో శాండ్, అంటే రాయిని నలిపి చేసిన ఇసుక, వాడుకోవచ్చు.

ఇటుకలు, ప్లాస్టరు?

పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రం బూడిదతో చేసే ఫ్లై యాష్ ఇటుకలు ఇక్కడ విరివిగా దొరుకుతాయి. బాగా తయారైనవి ముంపుకు పనికొస్తాయి. ఒకటి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున అంచులు రాలుతున్నాయేమో చూడండి. ముంపు గీత దాకా గోడలకు జిప్సం ప్లాస్టరు, పుట్టీ, ప్లైవుడ్ అలమారలు వద్దు. అక్కడ సిమెంటు ప్లాస్టరు, టైల్సు, రాతి పలకలు ఉంటే కడుక్కుని మళ్లీ వాడుకోవచ్చు. బేస్‌మెంటు మీద చెమ్మ ఆపే డీపీసీ పొర మరవకండి. గోడలకు అడుగున ఉప్పు పూసేది అది లేకనే.

గేటుకు, తలుపులకు అడ్డుపలకలు బిగించి నీటిని పూర్తిగా ఆపేయవచ్చా?

కొంత ఎత్తు వరకే. నిలిచిన నీరు గోడను నెడుతుంది. అర మీటరు నీరు గోడ ప్రతి మీటరు పొడవు మీదా దాదాపు 125 కిలోల బరువుతో తోస్తుంది. మీటరు నీరు 500 కిలోలతో తోస్తుంది. లోతు రెట్టింపైతే మొత్తం తోపు నాలుగింతలు. నాలుగు మీటర్ల గోడ మీద మీటరు నీరు నిలిస్తే రెండు టన్నులు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ అందుకోసం కట్టింది కాదు.

అడుగు, అడుగున్నర వరకు పలకలు, రబ్బరు అంచులు బాగా పనిచేస్తాయి. మూడడుగులకు దగ్గరపడుతుంటే నీటిని లోపలికి రానివ్వడమే ఇంటికి క్షేమం. బయటా లోపలా నీటిమట్టం సమానమైతే గోడ మీద తోపు ఉండదు. అందుకే అమెరికా ప్రమాణం ఏఎస్‌సీఈ 24 కింది అంతస్తులో మూసిన గదులకు అడుగున నీరు వచ్చిపోయే కంతలు పెట్టమంటుంది. ప్రతి చదరపు అడుగు గదికీ ఒక చదరపు అంగుళం కంత. మన స్టిల్టు కింది స్టోరు గదులకు, ప్రహరీలకు ఇది అక్షరాలా పనికొచ్చే సూత్రం. ప్రహరీ కూలి మనుషులు పోవడం మన దగ్గర వానాకాలపు వార్తల్లో మామూలైపోయింది.

సంపు నేలలోంచి పైకి లేచిందని విన్నాం. నిజమేనా?

నిజమే, లెక్క చూడండి. లోపల పొడవు, వెడల్పు, లోతు రెండేసి మీటర్లు, అన్ని వైపులా 15 సెంటీమీటర్ల కాంక్రీటు ఉన్న సంపు బయటి పరిమాణం 12 ఘనపు మీటర్ల పైచిలుకు. చుట్టూ నేల పైదాకా నీటితో నిండితే దాన్ని పైకి నెట్టే బలం 12 టన్నులు. సంపు సొంత బరువు పదిన్నర టన్నులే. ఖాళీగా ఉంటే అది పడవ. పడవగా మారి ప్లింత్ బీమును, పైపులను విరిచేస్తుంది. సెప్టిక్ ట్యాంకుకూ ఇదే వర్తిస్తుంది.

తుఫాను హెచ్చరిక రాగానే సంపు నింపి ఉంచండి. కొత్తగా కట్టేటప్పుడు అడుగు పలకను గోడలకన్నా ఒక అడుగు బయటికి చాచి, దాని మీద మట్టి బరువు పడేలా చేయించండి. సంపు మూత, బోరు కేసింగు ముంపు గీతకన్నా పైన ఉండాలి. లేకపోతే వీధి మురుగు నేరుగా తాగే నీటిలోకి దిగుతుంది. మరుగుదొడ్డి పైపుకు నాన్ రిటర్న్ వాల్వు పెట్టించండి. చిన్న ఖర్చు. బయట మురుగు పొంగినప్పుడు కమోడులోంచి ఇంట్లోకి రాకుండా ఆపేది అదొక్కటే.

కరెంటు ఏర్పాట్లు?

మీటరు బోర్డు, ఇన్వర్టరు, స్విచ్చులు ముంపు గీతకన్నా కనీసం రెండడుగులు పైన ఉండాలి. తీగలు పైకప్పు నుంచి కిందికి దిగాలి, నేలలోంచి పైకి రాకూడదు. కింది అంతస్తుకు వేరే సర్క్యూటు, దానికి కరెంటు లీకవగానే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్చు (ఆర్‌సీసీబీ). లిఫ్టు యంత్రం పైన ఉండాలి. ముంపు వస్తుందనగానే లిఫ్టును పై అంతస్తులో ఆపి స్విచ్చు తీసేయాలి.

మాది కొండవాలు. నీరు నిలవదు. మాకేమి భయం?

నీరు నిలవదు, నేల నిలవదు. మన కొండల్లోని ఖోండలైటు శిల పైపొరల్లో బాగా శిథిలమై ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు గునపానికి లొంగనంత గట్టిగా కనిపించి, వరసగా రెండు మూడు రోజులు నానితే మెత్తబడి జారుతుంది. ఇంటికి జాగా కోసం కొండను నిటారుగా కోసి, ఎదురుగా రాళ్లు పేర్చి కట్టిన గోడలే ఎక్కువగా కూలుతాయి. ఆ గోడను పడగొట్టేది మట్టి కన్నా దాని వెనక చేరిన నీరు.

కాబట్టి రిటైనింగ్ గోడకు అడుగున, మధ్యన నీరు కారే పైపులు ఉండాలి. వాటి వెనక కంకర పొర ఉండాలి. మట్టి నేరుగా పైపుకు ఆనితే ఏడాదిలో మూసుకుపోతుంది. గోడ తలమీద కాలువ తీసి పై వాలు నీటిని పక్కకు మళ్లించాలి. కొండ ప్రాంతపు రిటైనింగ్ గోడలకు ఐఎస్ 14458 ఉంది. వానాకాలంలో ఆ పైపుల్లోంచి నీరు కారుతుంటే ఆందోళన పడకండి. గట్టి వానలోనూ ఒక్క చుక్క రాకపోతే, గోడ పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తే, ఆ రాత్రి ఆ పక్క గదిలో పడుకోవద్దు.

వాస్తు ప్రకారం ఈశాన్యం పల్లంగా ఉండాలి. మా వీధి కాలువ నైరుతిలో ఉంది.

ఇల్లు, నేల వాలు మీ ఇష్టప్రకారం పెట్టుకోండి. ప్రహరీ లోపల నేల కింద పైపు వేసి నీటిని కాలువ ఉన్న వైపుకే పంపండి. ఈశాన్యాన గుంత తీసి నీటిని అక్కడ నిలబెట్టుకుంటే అది మీ ఇంటి పునాదినే నానబెడుతుంది.

ముంపుతో పాటు తుఫాను గాలి గురించి కూడా ఆలోచించాలా?

తప్పదు. ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ వేగం ఎలా ఉంటుందో చూపించింది. పై అంతస్తు రేకుల షెడ్డు, నీళ్ల ట్యాంకు, సోలారు పలకలు, పిట్టగోడ మీది అలంకారాలు అన్నిటికీ బోల్టులతో గట్టి బిగింపు కావాలి. తక్కువ ఎత్తు ఇళ్ల కోసం ఐఎస్ 15498 ప్రత్యేకంగా ఉంది.

నీరు తగ్గాక ఇంట్లోకి వెళ్లే ముందు ఏమి చూడాలి?

మెయిన్ స్విచ్చు ఆపి ఉందని తేలాకే అడుగు పెట్టండి. సెల్లారులో నీరు ఉంటే ఒక్కసారిగా తోడేయకండి. బయటి నేల ఇంకా నానే ఉంటుంది, లోపల ఖాళీ కాగానే గోడ లోపలికి కూలే ప్రమాదం ఉంది. బయటి నీటిమట్టం దిగుతున్న కొద్దీ కొంచెం కొంచెంగా తోడాలి. సంపును క్లోరినుతో కడిగించండి. గోడలు పూర్తిగా ఆరేదాకా, అది నెలలు పట్టినా సరే, రంగులు వేయించవద్దు. పగుళ్లలో వెంట్రుకంతవి పర్వాలేదు. పిల్లరు, బీము కలిసే చోట ఏటవాలు పగులు కనిపిస్తే ఇంజినీరును పిలవండి.

బీమా ఉందా?

ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా సంస్థలన్నీ ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ ఇవ్వాలి. వరద, తుఫాను, కొండచరియలు విరిగిపడటం ఇందులోకి వస్తాయి. ఇంటి కట్టడానికి తీసుకుంటే, ఇంట్లో సామానుకు ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు దానంతటదే వర్తిస్తుంది. బీమా మొత్తాన్ని స్థలం ధరతో కలిపి చూపించకండి, మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు ఎంతో అంతే రాయించండి. అనుమతి పొందిన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు, ఇంటి ఫోటోలు ఫోనులోనే కాక ఇంకోచోట కూడా భద్రం చేసుకోండి.